జరిగినదల్లా తెలిసినట్టే

“పాలు అయిపోయాయని నీకు వేరే చెప్పాలా అమ్మాయ్? ఇంట్లో తిరిగే మనిషికి తెలియదూ?” అంది అత్తగారు, ఖాళీ గిన్నె చూపిస్తూ.

ఆఖరి చుక్క తాగింది ఆవిడే. అడుగు కనిపిస్తున్న గిన్నెకి మూతపెట్టి పక్కన పెట్టిందీ ఆవిడే. అయినా తప్పు కోడలిది. ఆ ఇంట్లో అదో రివాజు. మొగుడి చొక్కా బొత్తాం ఊడితే ఆమెకి తెలియాలి, పాప స్కూల్లో ఎవరితోనో కొట్లాడితే ఆమెకి తెలియాలి, కుళాయి కారితే ఆమెకి తెలియాలి. చెప్పేవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉండరు. చెప్పలేదేమని అడిగి చూడండి, “ఆ మాత్రం తెలియదా?” అని ఇంటిల్లిపాదీ ఒకేసారి నోరు తెరుస్తారు. ఇన్నేళ్ళ కాపురంలో వంట కన్నా, బట్టల కన్నా ఆమె ఒళ్ళు హూనం చేసింది ఈ తెలుసుకుంటూ ఉండడమే. దానికి జీతం ఎలాగూ లేదు, పనిగా లెక్కైనా లేదు. “అన్నీ మిషన్లే చేస్తుంటే నీకు పనేముంది?” అంటాడు ఆయన. సంతోషం! ఏ మిషన్లో ఎప్పుడేం వెయ్యాలో గుర్తుపెట్టుకునే మిషన్ కూడా ఒకటి కొనిపెడితే ఇంకా సంతోషం.

ఇంట్లో ఆమె పేరు లాజిక్కమ్మ. ఆయన వెటకారానికి పెట్టాడు. అత్తగారు మాత్రం అడిగినవాళ్ళకి “మా కోడలు కంప్యూటర్లకి కట్టుబాట్లు రాస్తుంది” అని చెప్తుంది. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లు కలిసి ఒక పని చేయాలంటే ఎలా నడుచుకోవాలో తర్కం భాషలో రాసి, పొరపాటు జరగదని ముందే రుజువు చేయడం ఆమె ఉద్యోగం. ఇప్పుడు చేతిలో ఉన్నది మూడు బ్లడ్ బ్యాంకుల పని. మూడు చోట్లా ఒక్కో కంప్యూటర్. ఒకే రక్తం ప్యాకెట్‌ని ఇద్దరు రోగులకి ఇస్తామనకూడదు. చెప్పడానికి ఒక్క ముక్క, రాయడానికి మాత్రం ప్రాణాలు తోడేస్తుంది. దీనికి రెండు తర్కాలు కావాలి. ఒకటి కాలం సంగతి చూస్తుంది, ఏది ముందు, ఏది తర్వాత, ఏది ఎప్పటికైనా జరిగి తీరుతుంది అని. రెండోది ఎవరికి ఏం తెలుసో చూస్తుంది. విడివిడిగా రెండూ బుద్ధిమంతులే, కలిపేచోటే తంటా. అజాగ్రత్తగా కలిపితే ఒకటి రెండోదాన్ని మింగేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

ఆ పొద్దున ఆమె ఆఫీసుకి వెళ్ళేసరికి రుజువు తేలిపోయి ఉంది. నెలల తరబడి మొరాయించింది కాస్తా కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతోంది. అందరూ చాటుగా ‘తొందర సార్’ అని పిలుచుకునే మేనేజర్ అప్పటికే కాఫీలు తెప్పించాడు.

“సంతకం పెట్టేయండి మేడమ్, సాయంత్రానికి పంపించేద్దాం.”

ఆమెకి మనసొప్పలేదు. ఇంత సులువుగా తేలే రుజువు కాదది. కంప్యూటర్‌ని ఒక పిచ్చి ప్రశ్న అడిగింది. రెండు బ్యాంకుల మధ్య లైను పూర్తిగా తెగిపోయింది, ఒక్క కబురూ వెళ్ళలేదు. అయినా మొదటిచోట ప్యాకెట్ ఒకరికి ఇస్తామని మాటిచ్చేశారని రెండోచోట తెలుసా? తెలుసు, అంది కంప్యూటర్ తడుముకోకుండా.

రెండు తర్కాలూ కలిసేచోట వెతికితే, తను రాయని నియమం ఒకటి కనిపించింది. జరిగినదల్లా అందరికీ తెలిసినట్టే! నిన్న పాప కోసం తను పెందలాడే వెళ్ళిపోయాక, పని త్వరగా తెమలాలని సార్ చేర్చాడన్నమాట. ఆమెకి పైకే నవ్వొచ్చింది. అయ్యో, ఈ నియమం నాకు కొత్తా? దీని కిందేగా నేను కాపురం చేస్తున్నాను! కబురు అందకుండా ఏ కంప్యూటర్‌కీ ఏమీ తెలియదని అందరికీ పాఠం చెప్పే దాన్ని, నన్ను మాత్రం మతిమరుపు దాన్ని, మొద్దు దాన్ని అని తిట్టుకుంటూ వచ్చానే, ఎన్ని రాత్రులు నిద్ర మానుకుని ఏం మర్చిపోయానా అని తడుముకున్నానే! లోపం నాలో లేదు, నియమంలో ఉంది. అలా అనుకోగానే ఆమెకి ప్రాణం తేలికపడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే.

సార్‌ని పిలిచి, ఆయన ఎదురుగానే ఆ నియమం తీసేసింది. రుజువు కుప్పకూలింది. ఏం జరిగే ప్రమాదముందో తెర మీద వరసగా కనిపించింది. లైను తెగడం, ఒకే ప్యాకెట్, ఇద్దరు రోగులు. సార్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఒక్క లైనేగా చేర్చాను...” అని గొణిగాడు. కాస్త తేరుకుని, “మంచిపని చేశారు. ఇక మిగతాది టీమ్‌లో ఎవరో ఒకరు సరిచేస్తారు. మీరెలాగూ నెలాఖరుకి మానేస్తున్నారుగా” అన్నాడు.

“ఎవరు మానేస్తున్నారు?”

“మీరే. ఆదివారం మేం షటిల్ ఆడేచోట మీ ఆయన చెప్పాడు. ఇంట్లో అందరూ అనుకున్నారట కదా! మీకు తెలియదా?”

మరో రోజైతే “ఆఁ, అవును సార్” అని తలూపి, బాత్రూంలో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేది. తన సంగతి తనకే తెలియదని చెప్పుకోవడం పరువు తక్కువ అనుకునేది. ఈసారి ఆయన కళ్ళలోకి చూసే చెప్పింది.

“తెలియదు సార్. నాకెవరూ చెప్పలేదు. చెప్పని దానికి నేను ఒప్పుకున్నట్టు కాదు. నేను మానడం లేదు, ఇది నేనే సరిచేస్తాను.”

సార్ ఒకసారి తెర వంక, ఒకసారి ఆమె వంక చూశాడు. “చేయండి మేడమ్, మీరే చేయండి” అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. చెప్పులు విప్పుతూనే అడిగింది. “నేను ఉద్యోగం మానేస్తున్నానట?”

“ఓ, అదా! నీకు తెలుసనుకున్నా. పాపకి ఇబ్బందవుతోందని అమ్మా, నేనూ అనుకున్నాంలే. నీ మంచికే.”

వంటింట్లోంచి అత్తగారు తొంగి చూసింది. “నేనేమనుకున్నానురా?”

“అదే అమ్మా, ఈవిడ ఉద్యోగం...”

“నాతో ఎప్పుడన్నావు? నా నోటితో నువ్వెలా అనుకుంటావురా?”

ఆయన చాపిన కాళ్ళు ముడుచుకున్నాడు. ఆమెకి కోపం రావాలి నిజానికి, వచ్చింది కూడా. కానీ దాని వెనకే నవ్వు తన్నుకొచ్చింది. ఆ ‘అనుకున్నాం’ అనే మాట ముందు ఇన్నేళ్ళు తలవంచుకుని నిలబడిందే, తీరా చూస్తే అందులో ఉన్నది ఒక్కడే మనిషి! అత్తగారు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

“వినండి” అంది ఆమె, ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “నేను మానడం లేదు. నాకు సాయంత్రం దాకా పనుంది. రేపటి నుంచి పాపని స్కూలు నుంచి తెచ్చేది మీరు.”

“నాతో ఒక్క మాటైనా అనకుండానే?”

“అంటున్నాగా, మీ మొహం చూసి. ఇప్పుడు మీకు తెలుసు.”