నొప్పి తగ్గని సాక్ష్యం

దుప్పటి పిండుతుంటే మళ్ళీ పట్టేసింది. కుడివైపు, రొమ్ము కింద, పక్కటెముకల మధ్య ఎవరో వేలు పెట్టి మెలిపెట్టినట్టు. తడి దుప్పటిని అలాగే బకెట్లోకి వదిలేసి రిబ్కా గోడ పట్టుకుని నిలబడింది. ఊపిరి సగం దాకా వస్తోంది, ఆపైన రానంటోంది. వరండాలో గడ్డం గీసుకుంటున్న ఆమె భర్త జస్టిన్ అద్దంలోంచే చూసి, "గ్యాస్ అయ్యుంటది," అన్నాడు. "పొద్దుగాల టైముకు తినవ్. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

టైముకు తినాలట! చీకటితో లేచి కట్టెల పొయ్యి ముట్టించడం, ఆయనకు ఇడ్లీ, అత్తమ్మకు జావ, కూతురు ఆరాధనకు టిఫిన్ డబ్బా, బోరింగు దగ్గర బిందెల వరస, ఆపైన తను పాఠాలు చెప్పే ప్రైవేటు బడికి పరుగు. ఇందులో తినే టైము ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే కాలు మీద కాలేసుకుని తినడానికి ఆమెకేం అభ్యంతరం లేదు.

అసలు ఆ గ్యాస్ అనే మాట వింటేనే అరికాలి మంట నెత్తికెక్కుతోంది. పినపాకలో ఎవరికి చెప్పుకున్నా అదే మాట. వీధిలో సూదులు వేసే లచ్చిరాం చెయ్యి పట్టి చూడకుండానే గ్యాస్ అని గోళీలు చేతిలో పెట్టాడు. అత్తమ్మ సంతోషమ్మ వాము నమలమంది. బడిలో హెడ్మాస్టరు సోడా తాగమన్నాడు. ఇంట్లోకి గ్యాస్ పొయ్యి పెట్టించమని పెళ్ళైనప్పటి నుంచి మొత్తుకుంటుంటే అది రాలేదు గానీ, ఒంట్లోకి మాత్రం ఊరంతా కలిసి ఎక్కించేశారు.

ఒకరోజు స్నేహితులు వచ్చినప్పుడు జస్టిన్ దాన్ని నవ్వులాటగా కూడా మార్చాడు. "ఆదాము పక్కటెముక తీసే గదా హవ్వను చేసిండు దేవుడు? అంటే ఆ ఎముక అసలు నాది. నాకు లేని నొప్పి ఈమెకెట్లొస్తది?" రిబ్కా పెట్టిన టీ తాగుతూ అందరూ పడీపడీ నవ్వారు. మర్యాదకు రిబ్కా కూడా నవ్వింది. నవ్వితే నొప్పి లేచింది. నీ ఎముకే అయితే తీసుకుపోయి బోరింగు కొట్టుకోరాదా అని నోటి దాకా వచ్చింది. కప్పులు ఏరుకుని లోపలికి పోయింది.

చివరికి ఒకనాడు బడిలో బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తబోయి ఎత్తలేక, పిల్లల ముందే కుర్చీలో కూలబడింది. అప్పుడు గానీ జస్టిన్ మండలాఫీసులో సెలవు పెట్టలేదు. ఆ సెలవు ఎంత కష్టమ్మీద దొరికిందో సారపాక దాకా బస్సులో చెబుతూనే ఉన్నాడు. భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాకు తీసుకుపోయాడు.

"ఎన్ని రోజుల్నుంచి?" అని డాక్టరు జస్టిన్‌ని అడిగాడు.

"పది రోజులుంటది సార్."

వానలు వెనకబట్టినప్పటి నుంచీ ఉంది. ఇప్పుడు మామిళ్ళు పూత మీదున్నాయి.

"ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"పనెక్కువైనప్పుడు వస్తదంటది సార్. టైముకు తినదు. ఊకెనే ఆలోచిస్తది."

దగ్గితే వస్తుంది, పక్కకు తిరిగితే వస్తుంది, ఏ పనీ లేకుండా పడుకున్నా వస్తుంది. నొప్పి ఒకరిదైతే దాన్ని ఇంకొకరు చెప్పడమేమిటి, ఆ చెప్పేదీ తప్పులతడకగా! ఆమె నోరు తెరిచింది. "మాట్లాడకండమ్మా, ఊపిరి గట్టిగా పీల్చండి," అన్నాడు డాక్టరు, వీపు మీద గొట్టం ఆనించి.

ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇందులో అయితే ఏమీ కనపడట్లేదు. మందులు వాడండి. తగ్గకపోతే మాత్రం ఊరుకోవద్దు, ఖమ్మంలో పెద్ద డాక్టరుకు చూపించి ఇంకా పరీక్షలు చేయించాలి."

రిబ్కా రెండు మాటలూ విన్నది. జస్టిన్ మొదటిదే విన్నాడు. గోదావరి బ్రిడ్జి దాటకముందే, "చూసినవా? ఏం లేదన్నడు," అన్నాడు. ఇల్లు చేరాక సంతోషమ్మ ఆ మాట అందుకుని, "ఏం లేకుంటెనే ఇన్ని రోజులు పనికి ఒళ్ళు దాచుకున్నదా," అని పక్కింటామెకు గోడ మీద నుంచి వినిపించింది.

మందులు అయిపోయాయి. నొప్పి ఉన్నచోటే ఉంది. ఏమీ లేకపోతే ఎందుకు నొస్తోంది? కనపడకుండా లోపలేదైనా పెరుగుతోందా? రిబ్కాకు భయం పట్టుకుంది. ఆరాధనకు ఇంకా జడ వేసుకోవడం కూడా రాదు, తనకేమైనా అయితే ఆ పిల్ల గతేమిటి? ఖమ్మం పోదామని అడిగితే, "ఇగ ఖమ్మమా? నీకు బస్సెక్కుడు అలవాటైంది," అన్నాడు జస్టిన్.

సంతోషమ్మ శుక్రవారం ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టించింది. కోడలి నొప్పి కోసమే. వచ్చినవాళ్ళది ఉపవాసం, అది విడిచాక వాళ్ళు తినే పులిహోర, సేమ్యా పాయసం వండే పని రిబ్కాది. తన నొప్పి పోవాలని చేసే ప్రార్థనకు తనే నీళ్ళు మోసి, తనే జంఖానాలు దులిపి పరిచి, తనే పొయ్యి ముందు కూర్చుంది. అంతా అయ్యాక జాషువా పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి మనసారా ప్రార్థన చేసి, "ఎట్లుందమ్మా ఇప్పుడు?" అని అడిగారు. పొద్దున లేచాక రిబ్కా ఏ పనీ లేకుండా కూర్చున్నది ఆ కాసేపే. పైగా అంత ఆప్యాయంగా ఆమెనే అడిగినవాళ్ళు ఇన్నాళ్ళలో ఎవరూ లేరు. "కొంచెం నయమే అయ్యగారూ," అంది.

ఆ "కొంచెం" ఎవరి చెవినా పడలేదు. "హల్లెలూయా!" అని చప్పట్లు మోగాయి. "ఆదివారం చర్చిల మా కోడలు నొప్పి పోయిందని సాక్ష్యం చెప్తది," అని సంతోషమ్మ అక్కడికక్కడే ప్రకటించేసింది.

ఆ రాత్రే నొప్పి తిరగబెట్టింది. తెల్లారి రిబ్కా మళ్ళీ ఖమ్మం మాటెత్తింది.

"స్వస్థతయిందని అందరి ముందట చెప్పి మల్ల దవాఖానాకు పోతవా?" జస్టిన్ గొంతు పెంచాడు. "మా అమ్మ ముఖం ఎక్కడ పెట్టుకోవాలె? అయ్యగారేమనుకుంటరు?"

"నాకు తగ్గలేదండీ."

"విశ్వాసముంటే తగ్గుతది."

బాగుంది వరస! నొప్పి రావడం టైముకు తినని తప్పు, తగ్గకపోవడం విశ్వాసం లేని తప్పు. రెండూ తనవే. రిబ్కాకు మాట్లాడి మాట్లాడి విసుగొచ్చింది.

ఆదివారం చర్చిలో ముందుగా కరుణమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పులు ప్రభువు తీసేశాడని సాక్ష్యం చెప్పి, చాప మీద కూర్చోవడానికి పక్కామె భుజం పట్టుకుని, "అమ్మా, దేవా," అనుకుంటూ మెల్లమెల్లగా దిగింది. ఎవరూ నవ్వలేదు. రిబ్కా ఆమెనే చూస్తుండగా పాస్టరుగారు పేరు పిలిచి మైకు చేతికిచ్చారు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు."

"వందనాలు!"

"నా నొప్పి తగ్గలేదు."

"స్తోత్రం!" అంది సంఘమంతా, అలవాటు కొద్దీ. ఆ తర్వాత అర్థమైనట్టుంది, ఒక్కసారిగా అందరూ నోళ్ళు మూశారు.

"అయ్యగారు నాకోసం ప్రార్థన చేసిండ్రు, వారికి వందనాలు. దేవుని మీద నాకు అనుమానం లేదు. గానీ తగ్గిందని ఆయన ముందట అబద్ధమాడలేను. తగ్గకపోతే ఖమ్మం పొమ్మని డాక్టరు చెప్పిండు. ఆ మాట మా ఇంట్ల ఎవ్వరికీ వినపడలే, అందుకే మైకుల చెప్తున్న. రేపు పొద్దుగాల బస్సుకు పోతున్న. ఒక్కదాన్నే పోత. నా నొప్పి సంగతి డాక్టరుకు నేనే చెప్పుకుంట."

మగవాళ్ళ వైపు జస్టిన్ బైబిల్లోంచి తలెత్తలేదు. సంతోషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మైకు అందుకోబోయిన పాస్టరుగారి చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే ఆడవాళ్ళలోంచి ఇంకో చెయ్యి లేచింది. కరుణమ్మది. ఆమె లేవలేదు, కూర్చున్నచోటి నుంచే అంది:

"రిబ్కా, బస్సుల నీ పక్కన నాకొక సీటు పట్టు బిడ్డా. నేను చెప్పింది అబద్ధమే."