రెండు బస్తాల మేత

మా ఇంటికి వచ్చినవాళ్లు అన్నం తినకుండా వెళ్లడం నా ఎరుకలో లేదు. మీటరు చూసుకోవడానికి వచ్చినవాడైనా, అడ్రసు వెతుక్కుంటూ వచ్చినవాడైనా విస్తరి ముందు కూర్చోవలసిందే. వద్దంటే నాకు కోపం వస్తుంది. నా భార్య సుబ్బాయమ్మ కోప్పడదు, వడ్డించేస్తుంది. భీమవరం చుట్టుపక్కల రాజుల ఇళ్లలో ఇదేమీ గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న డిసెంబరు తుపానుకు ఈ బుద్ధితోనే మా అమ్మాయి చెరువును నిలువునా ముంచబోయాను.

మా అమ్మాయి గీతిక ఫిషరీస్ చదివింది. మా మూడెకరాల రొయ్యల చెరువులో వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకు పోయాక, దాన్ని పక్క చెరువు శ్రీనివాసరాజు గారికి లీజుకిచ్చేద్దామని నేను నిశ్చయించుకున్నాను. గీతిక అడ్డం పడింది. ఒక్క పంట తన చేతికివ్వమంది. అది కూడా పోతే ఆ రోజే సంతకం పెట్టుకోవచ్చని, తను నోరెత్తనని మాటిచ్చింది. సరే కానిమ్మన్నాను. రొయ్య పిల్లను వదిలిన దగ్గర్నుంచి ఆ చెరువు మీద ఈగ వాలనివ్వలేదు. చెప్పులు విప్పించి, కాళ్లు మందునీళ్లలో ముంచించి గాని నన్ను కూడా గట్టెక్కనిచ్చేది కాదు. నా చెరువు గట్టు మీదకు నేను కాళ్లు కడుక్కుని రావడమేమిటని రోజూ విసుక్కుంటూనే ముంచేవాణ్ణి.

అరవై ఆరో రోజున తుపాను కబురు వచ్చింది. మాకు తుపాన్లు కొత్త కాదు. కానీ ఇది రాకముందే చలిని పంపించింది. రెండు రోజులు సూర్యుడు కనపడలేదు. ఉత్తరపు గాలి ఆగకుండా వీచింది. మా వైపు చలి అంటే తెల్లవారుజామున దుప్పటి మెడదాకా లాక్కోవడం, అంతే. అలాంటిది మిట్టమధ్యాహ్నం చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాం. పదేళ్లుగా మా చెరువు చూసుకుంటున్న లోవరాజు గోనెసంచి కప్పుకుని తిరిగాడు. సుబ్బాయమ్మ ఎప్పుడో తిరుపతిలో కొన్న మంకీ క్యాపు వెతికి తీసి నా నెత్తిన పెట్టింది.

గీతిక థర్మామీటరు నీళ్లలోకి దింపి చూసింది. ఇరవై ఎనిమిది ఉండవలసింది ఇరవై మూడుకు పడిపోయింది. నన్నూ లోవరాజునూ పక్కపక్కన నిలబెట్టి పాఠం చెప్పింది. చలికి రొయ్య అడుగున పడుకుంటుంది, మేత ముట్టదు. వేసిన మేత అడుగునే కుళ్లిపోయి నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఎండ లేదు కాబట్టి చెరువు తనంతట తాను మళ్లీ పుట్టించుకోలేదు. అందుకని తుపాను వెళ్లి నీళ్లు వేడెక్కేదాకా ఒక్క గింజ కూడా పడకూడదంది. తల ఊపాను.

మర్నాడు పొద్దున్నే గీతిక డీజిలుకూ, ఆక్సిజన్ మాత్రలకూ భీమవరం వెళ్లింది. మేత బస్తాలుండే షెడ్డు తాళం లోవరాజుకిచ్చింది. వాడు ఆ షెడ్డు రేకులు ఎగిరిపోకుండా పైన వేయడానికి ఇసుక బస్తాలు తెస్తానని, తలుపు దగ్గరకు వేసి ఊళ్లోకి పోయాడు. గట్టు మీద నేనొక్కణ్ణే మిగిలాను. సుబ్బాయమ్మ పంపిన ఉప్మా క్యారియర్ విప్పుకుని తింటున్నాను. వేడివేడిగా ఉంది, జీడిపప్పు కూడా వేసింది. ఎదురుగా చెరువు నల్లగా వణుకుతోంది. అందులో నాలుగు లక్షల ప్రాణాలు నిన్నటినుంచి పస్తులున్నాయి. ఆ ముద్ద నాకు దిగలేదు. రోజుకు ఐదు బస్తాలు తినేవాటికి రెండు వేస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. చలికాలం కడుపు నిండా తింటేనే ఒంట్లో వేడి ఉంటుందని మా అమ్మ అనేది. అది మనుషుల గురించి అందని నాకు తోచలేదు. షెడ్డు తలుపు తోసి రెండు బస్తాలు తెచ్చుకుని, తెప్ప ఎక్కి చెరువంతా చల్లేశాను. ఆ తర్వాత మిగతా ఉప్మా తృప్తిగా తిన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, తృప్తిగానే తిన్నాను.

ఒంటిగంటకు గీతిక వచ్చింది. రాగానే చెక్ ట్రే పైకి లాగింది. రొయ్యలు మేత తిన్నదీ లేనిదీ తెలియడానికి నీళ్లలో వేలాడదీసే వల పళ్లెం అది. దాని నిండా నానిన మేత ముద్ద. ఒక్క రొయ్య లేదు. రెండోది లాగింది, మూడోది లాగింది. అన్నీ అంతే. మేత ముద్ద వాసన చూసి లోవరాజు వైపు తిరిగింది.

తను వేయలేదన్నాడు వాడు. షెడ్డు తాళం నీ దగ్గరే కదా ఉందని అడిగింది. ఉందన్నాడు.  షెడ్డు వెనక ఖాళీ సంచులు వాడు అప్పటికే చూశాడు. నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. గీతిక తాళం ఇచ్చేసి వెళ్లిపొమ్మంది. వాడు తాళం బల్ల మీద పెట్టి, గోనెసంచి నెత్తిన కప్పుకుని గట్టు వెంట నడిచాడు.

 వాడు సగం గట్టు దాటేదాకా నేను అలాగే చూస్తూ నిలబడ్డాను. కూతురి ముందు చులకనైపోతానన్న భయం నా నోరు నొక్కేసింది. అప్పుడు వాడి భుజాలు చలికి వణకడం కనపడింది. భోజనాల వేళ, అన్నం తినకుండా, నా తప్పు నెత్తిన వేసుకుని నా గట్టు మీద నుంచి ఒక మనిషి వెళ్లిపోతున్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"లోవరాజు కాదమ్మా. నేనే వేశాను. రెండు బస్తాలు."

గీతిక అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఎన్నింటికని మాత్రం అడిగింది. ఏడున్నరకని చెప్పాను. వాచీ చూసుకుంది. చెరువు పక్కనున్న డ్రెయిన్ వైపు చూసింది. నీళ్లు ఇంకా కిందే ఉన్నాయి.

"అడుగు నీళ్లు తీసెయ్యాలి నాన్నగారూ. వాన పట్టుకుంటే డ్రెయిన్ పొంగిపోద్ది, ఇంక చుక్క కూడా బయటికి పోదు. మనకి నాలుగు గంటల టైముంది. ముందు లోవరాజుని పిలవండి."

పరిగెత్తాను. యాభై తొమ్మిదేళ్ల వయసులో బురద గట్టు మీద పరిగెత్తడం చూడముచ్చటగా ఉండదు. లోవరాజును పట్టుకుని, తప్పు నాదిరా, మనసులో పెట్టుకోకు అన్నాను. వాడు నా మొహంలోకి చూడకుండా, ముందు తూము సంగతి చూద్దామండి అన్నాడు. గీతిక కూడా వాడికి ఎదురు వెళ్లి, తొందరపడి అనేశానని చెప్పుకుంది. తాళం తిరిగి వాడి చేతిలోనే పెట్టింది.

తూముకు ఒకదాని మీద ఒకటి పలకలు ఉంటాయి. అడుగు పలక లేపితేనే అడుగునున్న కుళ్లు నీరు పోతుంది. రెండు నెలల బురద పట్టి అది బిగుసుకుపోయింది. ఎవరో ఒకరు గుండెలోతు నీళ్లలో దిగి, గునపంతో లేపాలి. నేను చొక్కా విప్పాను. ఈ చలికి మీరు దిగొద్దు, ఛాతీ పట్టేస్తుందని గీతిక చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని దిగాను. లోవరాజు నా వెనకే దిగాడు.

ఆ చలి నాకిప్పటికీ ఎముకల్లో ఉంది. నీళ్లు పొత్తికడుపు దాకా వచ్చేసరికి ఊపిరి ఆడలేదు. పైనుంచి వాన మొదలైంది, సూదుల్లా గుచ్చింది. గునపం పట్టుకున్న వేళ్లు నావో కావో తెలియలేదు. మూడుసార్లు జారింది. నాలుగోసారి ఇద్దరం కలిసి ఒక్క ఊపున ఎత్తాం. పలక లేచింది. వల అడ్డం కట్టిన తూములోంచి నల్లటి నీరు కుళ్లిన కోడిగుడ్డు వాసనతో బుసబుసా పోయింది. రెండు బస్తాల నా ప్రేమ అలా పోవడం కళ్లారా చూశాను.

మూడింటికి కరెంటు తీసేశారు. లోవరాజు తడిబట్టలతోనే జనరేటరు వేశాడు. నీళ్లు చిలికే ఏరేటర్లు మళ్లీ తిరిగాయి. గీతిక పక్క గుంటలో నిలవ ఉంచిన నీళ్లు చెరువులోకి తోడించింది. ఐదున్నరకు డ్రెయిన్ నీరు తూము అంచుకు వచ్చింది. పలక దించెయ్యమంది. ఇంక చేసేదేమీ లేదు, ఆగకుండా ఏరేటర్లు తిప్పడమే. ఆ రాత్రి తుపాను మా మీదుగా పోయింది. గంటగంటకూ గీతిక ఆక్సిజన్ మీటరు చూసి చెప్పింది, నేను మాత్రలు చల్లాను, లోవరాజు డీజిలు పోశాడు. ఎవరం కూర్చోలేదు.

తెల్లారాక ఓ మూల చచ్చిన రొయ్యలు గంపెడు తేలాయి.  అడుగున ఇంకెన్ని పోయాయో గీతికకు కూడా తెలియదు. మేత ముట్టుకుంటేనే బతికున్నట్టని చెప్పింది. దానికి నీళ్లు వేడెక్కాలి.

మూడో రోజు ఎండ వచ్చింది. మధ్యాహ్నానికి నీళ్లు ఇరవై ఆరుకు చేరాయి. గీతిక నాలుగు చెక్ ట్రేలలో పిడికెడు చొప్పున మేత వేసి దింపింది. రెండు గంటలు ఆగాలంది. ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. సుబ్బాయమ్మ క్యారియర్ తెచ్చింది గానీ ఎవరూ విప్పలేదు.

మొదటి ట్రే పైకి లాగింది. ఒక్క పలుకు మేత లేదు. పన్నెండు రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. రెండోది, మూడోది, నాలుగోది, అన్నీ ఖాళీ. గీతిక ట్రే నీళ్లలోకి వదిలేసి, ఆ బురదలోనే కూలబడి మోకాళ్ల మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. మూడు రోజులుగా బిగబట్టుకున్నదంతా ఏడ్చింది. నా కళ్లు కూడా ఆగలేదు.

కాసేపటికి మొహం తుడుచుకుని, లీజు సంగతి శ్రీనివాసరాజు గారికి ఏం చెబుతారని అడిగింది. చెరువు మా అమ్మాయిది, నాకేమీ తెలియదని చెబుతానన్నాను. లేచి నిలబడి నా వైపు తిరిగింది.

"ఇంకో మూడు రోజులు పావు మేతే వెయ్యాలి. మీకు ఎంత జాలేసినా సరే."

"సరేనండి," అన్నాను.

కలెక్టరు గారితోనూ, వియ్యాలవారితోనూ అనే మాట అది. లోవరాజు నవ్వు దాచుకోవడానికి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను దిద్దుకోలేదు. గీతిక అప్పటికే తూకం రాయి తేవడానికి షెడ్డులోకి వెళ్లిపోయింది.