దేముడమ్మ అభిప్రాయం

పోర్టులో గుమాస్తాగిరీ చేస్తూ ఇంగ్లీషు పేపరు చదివేవాడిని కాబట్టి, మా వీధిలో ఉత్తరాలు చదివిపెట్టేదీ రాసిపెట్టేదీ నేనే. ఆ గొప్ప నా నెత్తికెక్కింది. లేకపోతే ఒకరి ఉత్తరంలో వేలు పెట్టేవాడినా?

తొంభై ఏడు మే నెలలో దేముడమ్మ మొగుడు తవిటయ్య హాంకాంగ్ నుంచి రాశాడు. ఓడ ఉద్యోగం మానేసి అక్కడే ఒక గోడౌన్‌కి వాచ్‌మన్‌గా కుదిరి పదేళ్లయింది. జూలై నుంచి ఆ ఊరు ఇంగ్లీషువాళ్ల చేతుల్లోంచి చైనాకి పోతుందట. ఉంటావా, వెళ్తావా అని యజమాని అడుగుతున్నాడట. దేముడమ్మ ఏమంటే అదే చేస్తానన్నాడు.

ఆవిడ చేపల గంప దించి నా అరుగు మీద కూర్చుంది. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"రమ్మని రాసీండి బాబూ. ఆ ఊరు ఎవుడిదైతే మనకేటి? నాకు మడిసి కావాల."

బేరానికి వేళవుతోందని, ఖాళీ కాయితం అడుగున వేలిముద్ర వేసేసి వెళ్లిపోయింది. నేనంటే అంత నమ్మకం.

ఆ రోజే పేపర్లో సర్వే పడింది. చైనాలో కలిసినా తమకేం భయం లేదని అక్కడి జనంలో సగానికి పైగా చెప్పారట. టీ కొట్టు దగ్గర స్టీలు ప్లాంటు వాళ్లదీ, మా పోర్టు వాళ్లదీ కూడా అదే మాట. అందరూ ఉంటుంటే ఇతనొక్కడికీ ఏం రోగం? ఇంతమంది అభిప్రాయం ముందు చేపలమ్ముకునే మనిషి అభిప్రాయం నా కంటికి ఆనలేదు. ఆ వేలిముద్ర పైన "ఇంకో రెండేళ్లు ఉండు, నా గురించి బెంగ పెట్టుకోకు" అని రాసి పోస్టు చేశాను. మేలు చేశాననే అనుకున్నాను.

ఉండిపోతున్నానని అతను జవాబు రాశాడు. అది ఆవిడకి చదివి వినిపించేటప్పుడు "నువ్వన్నట్టే" అన్న మాట మింగేశాను.

మరుసటి ఏడు చలికాలంలో గోడౌన్ గేటు దగ్గరే తవిటయ్య గుండె ఆగిపోయింది. దహనం కూడా అక్కడే చేసేశారు. ఆ సంగతి ఇంగ్లీషులో వస్తే, అదీ నేనే చదివాను.

దేముడమ్మ ఏడవలేదు. నన్నే అడిగింది.

"నాను రమ్మన్నానని రాసినారు గదా బాబూ?"

"రాశాను" అన్నాను.

"అయితే నా మాటంటే ఆడికి లెక్కనేదు" అంది. అప్పుడు ఏడ్చింది.

పదేళ్లయింది. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు వాళ్ల గుమ్మం దాకా వెళ్లాను. పిరికివాణ్ణి, తిరిగొచ్చేశాను. ఆ ఇంట్లో తవిటయ్య ఫొటో లేదు. పిలిస్తే రాని మనిషికి దండెందుకు అంటుందావిడ.