జనార్ధన్ కట్టిన పేతురు వేషం

శామీర్‌పేట దాటాక కొత్త వెంచర్ల మధ్య ఉన్న చిన్న చర్చిలో జనార్ధన్ సంఘ పెద్ద. చేసేది ప్లాట్ల వ్యాపారం, కన్ను వార్డు కౌన్సిలర్ టికెట్ మీద. ఆదివారం ఆయన ప్రార్థన అందుకుంటే పాస్టరు బాలరాజు కూడా మధ్యలో కళ్లు తెరిచి గడియారం చూసుకునేవాడు.

ఆయన వెంచర్ ప్రహరీ గోడ బాలేష్ వాళ్ల గల్లీకి అడ్డంగా లేచింది. జీడిమెట్లలో పనిచేసే బాలేష్‌దీ అదే సంఘం.

"అన్నా, గోడ జర పక్కకు జరుపరాదే. మా అవ్వను దవఖానకు తీస్కపోవాల్నంటె ఊరంత తిరుగుడైతాంది" అని అడిగాడు.

జనార్ధన్ అతని నెత్తిమీద చెయ్యి పెట్టాడు. "దేవుడే తోవ చూపిస్తడు తమ్మీ. ప్రార్థన జేద్దాం."

చాలాసేపు చేశాడు. ఆమెన్ అన్నాక కూడా గోడ అక్కడే ఉంది.

గుడ్ ఫ్రైడే నాటకంలో పేతురు వేషం తనకే కావాలన్నాడు జనార్ధన్. శిష్యులందరిలో పెద్ద ఆయనే కదా. రిహార్సల్ అయ్యాక మాత్రం పాస్టరును పక్కకు పిలిచి అడ్డం తిరిగాడు.

"నేను యేసును తెల్వదనాల్నా? రేపు ఎలక్షన్ల ఎవడన్న గా వీడియో తిప్పితే?"

"అన్నా, పేతురు భయపడి తెల్వదన్నడు, తర్వాత ఏడ్శిండు. గది లేకుంటె కథ యాడున్నది?" అన్నాడు పాస్టరు.

"ఏడుపు ఉంచుర్రి. తెల్వదనుడు తీసెయ్యుర్రి."

టెంటు, మైకు, కుర్చీలు జనార్ధన్‌వే. పాస్టరు సరేనన్నాడు. ఈ సంగతి మిగతావాళ్లకు మాత్రం చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం టెంటు నిండింది. ఎర్ర కాగితం, బల్బు పెట్టి చేసిన చలిమంట దగ్గర పనిమనిషి వేషంలో దుర్గాబాయి కూర్చుంది. హాస్టల్లో వంట చేసే మనిషి, గొంతు పెద్దది.

"ఏమయ్యా, నువ్వు గూడ గా యేసు ఎంబడి తిరిగినోనివే గద?" అంది.

పెట్టుడు గడ్డంతో జనార్ధన్ ముందుకొచ్చాడు. "అవును, తిరిగిన! ఆయన కోసం పాణమిస్త! ఎవడొస్తడో రమ్మను!"

చప్పట్లు మోగాయి. తరువాత ఏమనాలో తెలియక దుర్గాబాయి పాస్టరు వైపు చూసింది. పాస్టరు టెంటు గుంజల వైపు చూశాడు. సైనికుడి వేషంలో ఉన్న బాలేష్ ఒక్క క్షణం ఆలోచించాడు.

"అయితె వీన్ని గూడ పట్టుర్రి" అన్నాడు.

మిగతా ఇద్దరు సైనికులూ బాలేష్ గల్లీవాళ్లే. యేసు కోసం తెచ్చిన తాడుతో జనార్ధన్ చేతులు కట్టి, యేసు పక్కన వేలాడే దొంగ కోసం నిలబెట్టిన సిలువ దగ్గరకు లాక్కెళ్లారు.

"ఏయ్, ఏందిరా గిది?"

"పాణమిస్త అంటివి గదన్నా."

దుర్గాబాయికి హుషారొచ్చింది. "మల్ల అడుగుతున్న. నీకు ఆయన ఎర్కేనా?"

తాడు బిగిసింది. గడ్డం జారి మెడలో పడింది.

"ఎర్క లేదు! ఇడువుర్రి!"

"జనానికి ఇనబడలే" అన్నాడు బాలేష్.

"నేను ఎవ్వని ఎంబడి తిరగలేదురా!"

"ఇంకోపారి."

"గాయన ఎవడో నాకు తెల్వనే తెల్వదు! ఒట్టు!"

కాలర్ మైకు ఆ మాటను రోడ్డు దాకా మోసింది. ముందు వరుసలో ముసలామె కళ్లు తుడుచుకుంది. "ఎంత మంచిగ జేసిండు బిడ్డ!" టెంటంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

పాస్టరు గబగబా తెర దింపి ముగింపు ప్రార్థన చేసేశాడు. యేసు వేషం వేసిన క్యాబ్ డ్రైవర్ లక్ష్మణ్ సిలువ మోసుకుని తెర వెనుక నిలబడే ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. కాసేపు చూసి, రంగు కడుక్కుని, తుర్కపల్లి డ్యూటీకి క్యాబ్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడు ఆ సంఘంలో యేసును ఎవరూ సిలువ వేయలేదు.

ఆదివారం చర్చిలో జనార్ధన్ అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. పేతురు ఆత్మ తనను ఆవరించిందన్నాడు. వచ్చే ఏడు కూడా వేషం తనదేనని, ఈసారి పేతురు నీళ్ల మీద నడిచిన సంగతి వేద్దామని అన్నాడు.

వెనుక కుర్చీలోంచి బాలేష్ లేచాడు.

"స్టేజీ ఎందుకన్నా? శామీర్‌పేట చెరువు నిండుగున్నది."