మంచూ రాజకొడుకు తీసిన తలుపు

మధ్యాహ్నం అన్నాలయ్యాక చీనావాడి మంచం బయట ఇసుకలో పడేయాలని గదిలో తీర్మానమైంది. కరోనా వచ్చి, దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులోని ఆ కూలీల క్యాంపు గేటుకు తాళం పడ్డ రోజులవి. చీనావాడి పేరు గువాన్. క్రేన్ల కరెంటు పని చేస్తాడు. పొద్దుటి నుంచి ఒళ్లు కాలిపోతోంది, ఒకటే దగ్గు. ఆంబులెన్స్‌కు ఫోన్ చేస్తే వస్తున్నామన్నారు. రాలేదు.

"రోగం తెచ్చింది వీని దేశపోళ్లే. బయట పండుకోనియ్, మనకేంది?" అంటూ అంజి మంచం కాలు పట్టుకున్నాడు. అంజిది జగిత్యాల పక్క. మాట వేడి, చెయ్యి ఇంకా వేడి.

"బయట ఎండకు గుడ్లు ఉడుకుతున్నయ్‌రా," అన్నాడు పోశయ్య.

"అయితే నువ్వు గొడుగు వట్టు మామా."

అందరూ నవ్వారు. పోశయ్య మాటల మనిషి కాదు. కానీ దుబాయ్ రాకముందు ఒగ్గు కథలు చెప్పిన గొర్రెల కాపరి, కురుమ. కథకు తప్ప నోరు విప్పడని ఊళ్లో పేరు. ఖాళీ పెయింటు డబ్బా ఒళ్లో పెట్టుకుని, మంచానికీ తలుపుకూ మధ్య బాసింపట్టు వేసి కూర్చున్నాడు. డబ్బా మీద దరువేశాడు.

"శరణు మల్లన్నా, శరణు..."

అంజి చెయ్యి ఆగిపోయింది. ఒగ్గు మొదలైతే మంగళం పాడేదాకా లేవకూడదు. లేచినవాడి మంద నిలవదంటారు. అంజిదీ కురుమ ఇల్లే.

"మోసం జేసినవ్ మామా," అని గొణుగుతూ కూలబడ్డాడు. అదే గదిలో ఉండే పర్శరాములూ కూర్చున్నాడు. తెలుగు రాని పఠాన్ అజ్మతుల్లా అదేదో దువా అనుకుని తలమీద రుమాలు కప్పుకుని కూర్చున్నాడు.

"వంత నువ్వే," అన్నాడు పోశయ్య అంజితో.

మల్లన్న కథ అందరికీ తెలిసిందే. పోశయ్య అది ఎత్తుకోలేదు. సైటులో పక్కపక్కన కూర్చుని తినేటప్పుడు గువాన్ వచ్చీరాని హిందీలో చెప్పిన తన ముత్తాత కథ ఎత్తుకున్నాడు.

"చీనా దేశంల మంచూ రాజులుండిరి. ఆ ఇంట్ల పుట్టె రాజకొడుకు."

"ఆఁ," అన్నాడు అంజి ఇష్టం లేకుండా.

"పుట్టంగనే నొసట పసుపు బండారి వెట్టిరి. వెయ్యి గొర్ల మంద రాసిచ్చిరి."

"చీనాల గొర్లు యాడియి మామా?" అన్నాడు పర్శరాములు.

"గొర్లు లేనోడు రాజెట్లయితడు? కూసో."

రాజకొడుకు పెరిగాడు, విల్లు పట్టాడు, గుర్రమెక్కాడు. అప్పుడు ఊళ్లు తిరగబడ్డాయి. వాన లేదు, పంట లేదు. పరదేశి దొరల రైలు పట్టాలు సమాధుల మీంచి పోతున్నాయి. మంత్రం చదివితే తూటా తగలదని నమ్మినవాళ్లు తలకు ఎర్రగుడ్డలు కట్టారు. పరదేశివాడు కనబడితే నరకమన్నారు.

పోశయ్య వేళ్లు కమిలాయి. ఆపలేదు. ఆంబులెన్స్ వచ్చేదాకా కథ సాగాలి. తనకు తెలిసిన కథేమో తక్కువ. అందుకే గుర్రాన్ని సింగారించడానికే చాలాసేపు తీసుకున్నాడు.

"ఒక పరదేశి వైద్యుడు ఉరికొచ్చి రాజకొడుకు కాళ్ల మీద వడె. రాజకొడుకు వాణ్ని గింజల గరిసెల దాసిపెట్టె. అగో, ఎర్రగుడ్డలోళ్లు గడీ ముంగటికొచ్చిరి. తలుపు తియ్యమనిరి..."

ఆగాడు. ఆ తర్వాతిది ఆయనకు తెలియదు. గువాన్ ఎప్పుడూ అక్కడిదాకా చెప్పి లేచిపోయేవాడు.

"గువాన్ భాయ్, ఫిర్ క్యా హువా?"

దుప్పట్లోంచి దగ్గు వచ్చింది. కాసేపటికి మాట వచ్చింది.

"దర్వాజా ఖోల్ దియా."

తలుపు తీసేశాడట. రాజకొడుక్కు గొర్రెలిచ్చినవాడు ధైర్యం ఇవ్వలేడా? తీయలేదని చెప్పడం పోశయ్యకు ఎంత పని? నోటిదాకా వచ్చింది. మింగేశాడు. గొర్రెలు సింగారం, ఇది కథ. గువాన్ ముక్కలు ముక్కలుగా చెబుతుంటే తాను అందుకున్నాడు.

"భయపడి తీసిండు. గడప మీదనే వైద్యుణ్ణి నరికిరి. ఎనుక పరదేశి ఫౌజులొచ్చె, పట్నం కాలవెట్టె. గడీ వాయె, మంద వాయె. రాజకొడుకు బతికిండు. సచ్చేదాక ఆ గడప దాటి లోపలికి పోలే. బయటనే తినుడు, బయటనే పండుడు."

అంజి 'ఆఁ' అనలేదు. వంత లేనిదే కథ కదలదు. పోశయ్య చెయ్యి గాల్లోనే ఆపి అతన్నే చూస్తూ కూర్చున్నాడు.

అంతలో తలుపు దబదబా మోగింది. పక్క గదివాళ్లు. గోదావరి పెద్దిరాజు గొంతు అందరికన్నా పైన ఉంది.

"ఇంకా బయటెయ్యలేదేంట్రా ఆణ్ణి? మీ వల్ల కాకపోతే మేం మోత్తాం. తలుపు తియ్యండెహె! యల్లా!"

అంజి లేచాడు. కథ మధ్యలోనే లేచాడు. తలుపుకు వీపు ఆనించి, కాళ్లు నేలకు తన్ని నిలబడ్డాడు.

"ఆంబులెన్స్‌కు తప్ప తియ్యం. పో పెద్దిరాజన్నా, ఖలాస్."

బయట బూతులు మొదలయ్యాయి. తలుపు అదిరింది. పర్శరాములు వెళ్లి అంజి పక్కన భుజం ఆనించాడు.

"ఆఁ," అన్నాడు అంజి రొప్పుతూ. "జెప్పు మామా, తర్వాత?"

చెప్పడానికి ఏమీ మిగల్లేదు. పోశయ్య మంగళం పాడలేదు. డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ రాజకొడుక్కు ఒక కొడుకు పుట్టె..."