ట్రాక్ గొంతు

మొగుడి కోటుకు చమ్కీలు కుట్టడం బొత్తాం కుట్టినంత తేలిక కాదు. ఒక్కటి వంకరగా పడినా స్టేజీ లైటు దాన్నే పట్టిస్తుంది. తళుకు బట్టలేసుకుని ఆడిపాడే ఆయన గ్లామ్ రాక్ బ్యాండు మొదలైనప్పటి నుంచి, పదకొండేళ్లుగా ఆమె కుడుతూనే ఉంది. మెరిసేది ఆయన, సూది గుచ్చుకునేది ఈమెకు. అత్తగారు మాత్రం వచ్చినవాళ్లందరితో, మా కోడలికి పనేముంది, కూర్చుని దారం ఎక్కించుకోవడమే కదా అనేది.

ఈసారి రికార్డు కంపెనీవాళ్లు మూడువేల సంవత్సరంలో జరిగే పాట కావాలన్నారు. వెండి బూట్లు, నక్షత్రాల మీద నడక, చెవులు దిమ్మెక్కించే గిటారు. ఆయన నెల రోజులు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. ఆమె మిషను తొక్కుతూనే పాట కట్టేసింది. అందులో వెండి బూట్లు తొడిగింది ఒక ఆడది. బాగానే ఉంది, దాన్ని మగాణ్ణి చేస్తే సరి అన్నాడాయన. ఆమె ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

అసలు గాయకుడు విని నేర్చుకోవడానికి ముందుగా ఎవరో ఒకరు పాడి ఉంచుతారు. దాన్ని ట్రాక్ అంటారు. తర్వాత ఆ గొంతు తీసేస్తారు. ఆయన పాటలన్నిటికీ ట్రాక్ పాడింది ఈమే. ఈ ఒక్క పాటలోంచి తన గొంతు పోతుందంటే మాత్రం ఆమెకు దుఃఖం ఆగలేదు.

స్టూడియోలో ఆయన ఎనిమిదిసార్లు తప్పాడు. ప్రతి నాలుగో పంక్తి తర్వాత పాట ఠక్కున ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలోకి ఆయన దూకేస్తున్నాడు. ఇక్కడెందుకు ఆగాలని రికార్డిస్టు అడిగాడు.

"మా ఇంటిదానికి తాళం తెలీదండీ. ఆ ఖాళీ ఎత్తేద్దాం," అన్నాడు ఆయన.

పక్కనే నిలబడి విన్న ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాట కడుతుంటే సరిగ్గా అక్కడే ఎవరో ఒకరు పిలిచేవారు. సాక్సు ఏదని ఆయన, మందు బిళ్ల ఏదని అత్తగారు. ఆమె మిషను ఆపి, లేచి వెళ్లి, మళ్లీ వచ్చి పాట అందుకునేది. అతుకులాంటి ఆ ఖాళీని చూసి ఇన్నాళ్లూ సిగ్గుపడింది కూడా. కానీ పాటలో ఆ ఆడది వెనక్కి తిరగదు. ఎవరు పిలిచినా పలకదు. అందుకే ఆ నిశ్శబ్దం తర్వాత డ్రమ్ములు అంత జోరుగా లేస్తాయి. తను కట్టిన పాట తనకే ఇప్పుడు అర్థమైంది.

"ఆ ఖాళీ ఉంటుందండీ," అంది రికార్డిస్టుతో. "నా గొంతు కూడా ఉంచండి. ఇది ట్రాక్ కాదు, పాట."

రికార్డిస్టు ఆయన వంక చూశాడు. ఆయన నోరు తెరిచి, మరి నేనేం పాడాలన్నాడు.

"వెనక కోరస్‌కి ఒక గొంతు తక్కువైంది," అంది ఆమె. "ముందు నేను పాడతాను, విని నేర్చుకోండి."