కీలో ఖాళీగా ఉన్న గడి

పేపర్ మీద హైమవతి ఇంటూ కొట్టగానే ఎదురు కుర్చీలో భ్రమరాంబ నవ్వడం ఆగిపోతుంది. నవ్వు మాత్రం ముఖం మీద అలాగే ఉంది. భ్రమరాంబ దాన్ని వేలితో తడిమి చూసుకుని, ఊడి రావడం లేదని చెప్పి, మళ్లీ పేపర్లు దిద్దుకుంటుంది.

అది పదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దే హాలు. పట్టికలో ఒక మాట ఇస్తారు. దాని నౌన్, వర్బ్, అడ్జెక్టివ్ రూపాలు పిల్లలు గడుల్లో నింపాలి. లాఫ్టర్ అన్నదానికి వర్బ్ గడిలో ఎవరో పిల్ల లాఫ్ అని ముచ్చటగా రాసింది. పైనుంచి వచ్చిన జవాబుల కీలో మాత్రం వర్బ్ గడులన్నీ ఖాళీ. కీలో లేనిది తప్పే కదా మరి! ఇరవై రెండేళ్లుగా హైమవతి కీ దాటి అర మార్కు వేసిన పాపాన పోలేదు.

చీఫ్ ఎగ్జామినర్ విరూపాక్షం గారు వచ్చి భ్రమరాంబ ముఖం పరీక్షగా చూస్తారు.

"కొట్టేసిన జవాబు ఎదురుగా కూర్చున్నవాళ్లకే తగులుతుందమ్మా. ఏటా ఉండేదే," అంటారు. "ఈవిడని ఇంటికి పంపిస్తాను. కుర్చీ ఖాళీగా ఉండకూడదు. మీ ఆయన్ని వచ్చి కూర్చోమనండి."

కేశవాచారి కూడా ఇంగ్లీషు మాస్టారే, మూడు బెంచీల అవతల దిద్దుతున్నాడు. ఉబ్బసం మనిషి. వచ్చి, జేబులోని ఇన్హేలర్ బల్ల మీద పెట్టుకుని, భార్య ఎదురుగా కూర్చుంటాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ఊపిరి చప్పుడు వినిపిస్తే తప్ప హైమవతికి నిద్ర పట్టదు.

ఆమె తర్వాతి పేపర్ తిప్పుతుంది. పట్టికలో మాట, బ్రెత్. వర్బ్ గడిలో బ్రీద్ అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. హైమవతి పెన్ను వెనక్కి లాక్కుంటుంది.

"ఏవండీ, మీరు లేచి అవతలికి పొండి."

"లేద్దామనే చూస్తున్నానే. కుర్చీ వదలటం లేదు," అంటాడాయన. "టిక్కు పెట్టెయ్యి హైమా. ఒక్క మార్కేగా, ఎవరి సొమ్మేం పోయింది?"

పెడుతుంది. ఎర్ర సిరా ఆరకముందే విరూపాక్షం గారు వెనక నిలబడి ఉన్నారు.

"కీలో లేదమ్మా," అని టిక్కు మీదా, పిల్ల రాసిన జవాబు మీదా తెల్లరంగు పూసేస్తారు.

జవాబు చెరిగిపోగానే కేశవాచారి ఛాతీ పైకి లేచినది లేచినట్టే ఆగుతుంది. కళ్లు మాత్రం భార్య మీదే ఉన్నాయి.

"ఇన్నేళ్లుగా మీరు ఒక్క పొరపాటూ చేయలేదు. మీ ముఖం చూసి ఒక సాయం చేస్తాను," అంటారు విరూపాక్షం గారు. "ఆ గడిలో ఆ మాట మీ చేత్తో రాయండి. కీ నేను దిద్దుకుంటాను. ఆయన లేచి మీతో ఇంటికొస్తారు."

హైమవతి ఎర్ర పెన్ను అందుకుంటుంది. ఏడే ఏడు అక్షరాలు, బోర్డు మీద వెయ్యిసార్లు రాసినవి. ఒక్క క్షణం ఓర్చుకోండి, అని మనసులోనే మొగుణ్ణి బతిమాలుకుంటుంది.

పేపర్లు దిద్దేవాళ్లకి ఒక పాడు అలవాటు ఉంటుంది. ఖాళీ కనిపిస్తే చాలు, తర్వాత అందులో ఎవరూ ఏమీ ఇరికించకుండా అడ్డంగా గీత కొట్టేస్తారు. హైమవతి అలా కొన్ని లక్షల ఖాళీలు కొట్టేసింది, చూడకుండానే. ఇప్పుడు పెన్ను గడిని తాకుతుంది. చెయ్యి ఆమెని అడగనైనా అడగదు. ఈ మూల నుంచి ఆ మూలకి సర్రున గీత గీసేస్తుంది.

"అయ్యో, నా చెయ్యి పడిపోనూ! నేను కాదు సార్! ఒక్కసారి, ఇంకొక్కసారి..."

"కొట్టేసిన చోట రాయకూడదు. మీకు తెలియని రూలా తల్లీ?" అని ఆయన జాలిగా పక్కన సంతకం పెడతారు.

అటెండరు వచ్చి కేశవాచారిని మర్యాదగా మధ్యకి మడిచి, పేపర్ల నడుమ సర్ది, పురికొసతో కట్టి, లక్క సీలు వేసి పట్టుకుపోతాడు. ఊపిరి మాత్రం కుర్చీలో మిగిలిపోతుంది. కాసేపు కూర్చుని, ఆయన చెప్పులు తొడుక్కుని లేస్తుంది.

"పద హైమా," అంటుంది ఆయన గొంతుతోనే. "ఆలస్యమైతే సీటు దొరకదు."

బస్సులో అది ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోతుంది. చప్పుడు వినిపించదు. హైమవతి భయపడి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూద్దామని ఎడమచెయ్యి చాస్తుంది. ముఖం ఉండవలసిన చోట, ఇందాక గీత కొట్టిన ఆమె కుడిచెయ్యి ఉంది. అది కళ్లు మూసుకుని హాయిగా నిద్రపోతోంది.